తిమ్మయ్య చెప్పిన తోడేలు

తిమ్మయ్యకు ఊరికే కూర్చోవడం రాదు. గొర్రెల వెనక నడిచేటప్పుడూ, బస్సు కోసం నిలబడినప్పుడూ, పంచాయతీలో పెద్దలు గొంతు చించుకుంటున్నప్పుడూ ఆయన చేతిలో కదురు తిరుగుతూనే ఉండేది. నల్ల ఉన్ని చంకలో పెట్టుకొని, వేళ్ళ వైపు చూడకుండానే నూలు తీసేవాడు. ఆ నూలుతో ఆయన నేసిన కంబళిలో నీళ్ళు పోసి మూటగట్టినా చుక్క కారదని వేప్పనపల్లి సంతలో చెప్పుకొనేవారు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పిన మాటే. వానలో ఆ కంబళి కప్పుకున్న మనిషి వీపు తడవదన్నది మాత్రం నిజం.

వేప్పనపల్లికి రెండు మైళ్ళ దూరంలో, కుప్పం దారిలో గుట్టల కింద ఆయన పల్లె. ఇరవై ఇళ్ళు, అందరూ గొర్రెలు కాసేవాళ్ళే. గుట్టకు అవతల పెద్దూళ్ళో భూములున్న రైతులు. వాళ్ళలో బైరప్ప ఒకడు. బైరప్ప తాత కాలం నుంచీ తిమ్మయ్య ఇంటి మంద బైరప్ప ఇంటి చేలల్లోనే పడుకొనేది. పంట కోసిన తర్వాత రైతు వచ్చి మందను పిలుస్తాడు. కాపరి సాయంత్రం చేలో వెదురు తడికెలు చుట్టూ నిలబెట్టి, ఒకదానికొకటి తాళ్ళతో బిగించి, గొర్రెలను లోపలికి తోలుతాడు. రెండు దినాలకొకసారి తడికెలు పక్కకు జరుపుతాడు. అలా జరుగుతూ పోతే చేను మొత్తానికీ ఎరువు అందుతుంది. ఆ ఏడు రాగి నడుమెత్తు లేస్తుంది. మంద ఉన్నన్నాళ్ళూ కాపరికి తిండీ, వెళ్ళేటప్పుడు గింజలూ రైతువి.

బైరప్ప తిమ్మయ్య కంటే నాలుగేళ్ళు పెద్ద. ఒకరి పెళ్ళిలో ఒకరు పందిరి వేసినవాళ్ళు. వాళ్ళిద్దరూ చెడింది డెబ్బై ఎనిమిదిలో.

ఆ ఏడు మార్చిలో తిమ్మయ్య మంద బైరప్ప దిగువ చేలో ఉంది. పక్క చేలో, బావి కింద, ఎండకారు రాగి అప్పుడే వెన్ను తీసింది. ఒక తెల్లవారి చూస్తే నూట ఇరవై గొర్రెలు తడికెల్లో లేవు. రాగిలో ఉన్నాయి. చేను చేనంతా మోడుగా మిగిలింది. బైరప్ప వచ్చి చూసి, చేతిలో ఉన్న కట్టెతో నలుగురి ముందూ తిమ్మయ్యను కొట్టాడు.

“మూల కట్టలేదురా నువ్వు! తడిక మూల కట్టకుండా ఇడిచిపెట్టినావు!”

“తోడేలు వచ్చింది!” అన్నాడు తిమ్మయ్య. “తోడేలు వచ్చి పడింది, అన్నా. గొర్లు బెదిరి తోసుకొని పోయినాయి.”

తోడేలు రాలేదు. మూల తడికె తాడు తెగిపోతే, పొద్దున కొత్తది పేనుకుందామని, ఆ సందులో ఒక రాయి ఆనించి వదిలేసింది తిమ్మయ్యే. తాత ముత్తాతల నుంచి మంద కాచిన ఇంటివాడు, మూల కట్టలేదన్న మాట ఒప్పుకోలేకపోయాడు. దెబ్బ కంటే ఆ మాటే గట్టిగా తగిలింది. అందుకే తోడేలు పుట్టింది.

ఆ తోడేలును పల్లె మొత్తం నమ్మింది. చేయని తప్పుకు మనవాణ్ణి కొట్టారని బయలుదేరారు. తిమ్మయ్య అన్న కొడుకు కృష్ణప్ప పట్టపగలే బైరప్ప రాగి వామికి నిప్పు పెట్టాడు. రెండు ఊళ్ళవాళ్ళూ బావి గట్టు మీద కట్టెలతో కొట్టుకున్నారు. తిమ్మయ్య బావమరిది ముత్తప్పకు కనుబొమ్మ మీద తల పగిలి తొమ్మిది కుట్లు పడ్డాయి. కృష్ణప్ప పద్నాలుగు దినాలు జైల్లో ఉన్నాడు. రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. చివరికి ఇన్నాసప్ప సామి మధ్యలో పడ్డాడు. ఆయన కృష్ణగిరి చర్చి ఫాదర్. వేప్పనపల్లిలో ఆ చర్చివాళ్ళు నడిపే చిన్న మందుల ఇంట్లోనే రెండు ఊళ్ళ తలలకూ కుట్లు వేశారు. ఎనభైలో ఆయన ముందర బైరప్ప సంతకం, తిమ్మయ్య వేలిముద్ర పడి రాజీ కాగితం తయారయింది.

కాగితం అయితే అయింది గానీ, బైరప్ప మందను పిలవలేదు. ఆయన పిలవని మందను మిగతా రైతులూ పిలవలేదు. తిమ్మయ్య సామల్పట్టి దాకా తోలుకొని పోయి, ముక్కూమొహం తెలియని చేలల్లో మంద కట్టేవాడు. అక్కడ మేత చాలదు, నీళ్ళు చాలవు. నూట ఇరవై గొర్రెలు ఎనభై అయ్యాయి, అరవై అయ్యాయి. ఎనభై నాలుగుకు నలభై ఒకటి మిగిలాయి. ఇంకో రెండేళ్ళు ఇలాగే పోతే మంద ఉండదు. ఆ సంగతి తిమ్మయ్యకు తెలుసు. దాన్ని ఆపగల మాట ఏదో కూడా తెలుసు. ఆ మాట నోట్లోంచి రాదు.

ఆ ఎండాకాలంలో ఇన్నాసప్ప సామి స్కూటర్ మీద పల్లెకు వచ్చాడు. జర్మనీ దేశంలో ఫ్రాన్సు సరిహద్దు దగ్గర ఒక చర్చి ఉందట. యుద్ధాల్లో ఒకరినొకరు చంపుకున్న మనుషులు మళ్ళీ ఎలా కలిసి బతికారో, దేవుడి మీద నమ్మకం అందుకు ఎంత పనికి వచ్చిందో చూసి నేర్చుకోవడానికి వాళ్ళు ప్రతి ఏడూ ఒక దేశం నుంచి చర్చి గుంపును పిలుస్తారట. ఈసారి వంతు కృష్ణగిరిది. రెండు ఊళ్ళ రాజీ గురించి సామి ఎప్పుడో వాళ్ళకు జాబు రాశాడు. ఆ ఇద్దరినీ తప్పకుండా తీసుకురమ్మన్నారట.

“మమ్మల్ని మతంలో కలుపుకుంటారా సామీ?” అని అడిగింది తిమ్మయ్య భార్య కెంపమ్మ, చేట పక్కన పెట్టి.

“నీ మొగుణ్ణి కలుపుకుంటే ఆ నలభై గొర్లనూ కలుపుకోవాల గదమ్మా. నా చర్చిలో యాడుంది చోటు?” అన్నాడు సామి.

తిమ్మయ్య కదురు ఆపాడు. “బైరప్పన్న వస్తానన్నాడా?”

“నువ్వు వస్తే వస్తానన్నాడు.”

సామి బైరప్ప దగ్గర కూడా ఇదే మాట చెప్పాడని తర్వాత తెలిసింది.

హోసూరులో పాస్‌పోర్టు ఫోటో కోసం తలపాగా తీయమంటే తిమ్మయ్య తీయనని మొండికేశాడు. గొర్రె తోలు ఒలిచినట్టు ఉంటుందన్నాడు. తీశాక ఫోటోలో నిజంగానే అలాగే ఉన్నాడు. జూన్ నెలలో ఎనిమిదిమంది బయలుదేరారు. సామి, జర్మన్ సిస్టర్ల కాన్వెంటులో చదివి ఆ భాష నేర్చుకున్న ఆరోగ్యమ్మ టీచరు, చర్చివాళ్ళు నలుగురు, ఈ ఇద్దరు. మద్రాసు దాకా బస్సులో బైరప్ప ముందు సీటులో, తిమ్మయ్య వెనక సీటులో. విమానంలో సామి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. బైరప్ప దారి పొడుగునా కిటికీలోకి చూశాడు. బయట మబ్బు తప్ప ఏమీ లేదు. అయినా మెడ తిప్పలేదు.

ఆ ఊరి పేరు తిమ్మయ్య నోటికి చివరిదాకా తిరగలేదు. ఏటిగడ్డ ఊరు అనేవాడు. ఏటికి ఈ పక్క జర్మనీ, ఆ పక్క ఫ్రాన్సు. గుంపును ఇళ్ళల్లో పంచారు. బైరప్పకూ తిమ్మయ్యకూ బస ఇచ్చిన పెద్దామెకు వీళ్ళ కథ ముందే తెలుసు. శత్రువులు స్నేహితులైనారని ఎంతో ముచ్చటపడి, వాళ్ళిద్దరి కోసం ఒకే గది, అందులో ఒకే పెద్ద మంచం సిద్ధం చేసింది. మంచం మీద పూలు కూడా పెట్టింది.

బైరప్ప మంచం వైపు చూసి, టీచరు వైపు చూశాడు.

“ఇదేందమ్మా, మాకేమన్నా శోభనమా?”

ఆరోగ్యమ్మ ఆ మాటను జర్మన్‌లోకి మార్చలేదు. తిమ్మయ్య తన కంబళి నేల మీద పరచుకున్నాడు. పొద్దున పెద్దామె వచ్చి, నేల మీది కంబళిని చూసి, ఇది మీ దేశంలో స్నేహితులకు చేసే మర్యాదా అని అడిగింది. “అవును” అన్నాడు బైరప్ప వెంటనే. అబద్ధం చెప్పడంలో ఇద్దరూ కలిసి నిలబడటం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

ఇద్దరి భార్యలూ రాగిపిండి మూటగట్టి పంపారు. గుట్టల్లో వండుకొని తిన్న అలవాటుంది గనుక తిమ్మయ్య పెద్దామె వంటింట్లో సంగటి గెలికి, రెండు ముద్దలు చేసి బల్ల మీద పెట్టేవాడు. ఒకటి తను తినేవాడు. రెండోది అలాగే ఉండేది. బైరప్ప రొట్టె నములుతూ కూర్చునేవాడు. నాలుగు దినాలకే ఆయన దవడలు పీక్కుపోయాయి.

పొద్దంతా సభలే. ఎవరో ఒకరు లేచి మాట్లాడేవాళ్ళు. ఆరోగ్యమ్మ తెలుగులో చెప్పేది. రెండు గట్లవాళ్ళూ ఒకే శ్మశానంలో పాతిపెట్టిన కొడుకుల పేర్లు చూపించారు. అది చూసినప్పుడు తిమ్మయ్య కదురు ఆపి తలపాగా తీశాడు. కానీ ఆ తర్వాత మూడు దినాలు క్షమ అంటే ఏమిటి, రాజీ అంటే ఏమిటి అని గదుల్లో కూర్చొని చెప్పుకున్న మాటల్లో ఆయనకు పెద్దగా ఏమీ అందలేదు. ఒక పెద్ద ఉండ నూలు మాత్రం తయారయింది.

అయిదో దినం, మీకు ఇక్కడ ఏం చూడాలని ఉంది అని అడిగారు. చర్చివాళ్ళు పెద్ద గుడి అన్నారు. బైరప్ప “చేలు” అన్నాడు. తిమ్మయ్య “గొర్లు” అన్నాడు. రెండూ ఒకేచోట చూడవచ్చని ఇద్దరినీ టీచరుతో కలిపి ఏటి గట్టుకు పంపారు.

అక్కడ డెబ్బై ఏళ్ళు దాటిన ముసలి కాపరి ఒకడు మంద కడుతున్నాడు. చెక్క తడికెలు. మేకులు నేలలో దిగ్గొట్టి, వాటికి తడికెలు బిగిస్తున్నాడు. తిమ్మయ్య కాసేపు నిలబడి చూశాడు. తర్వాత కదురు నడుముకు దోపుకొని, ఎవరినీ అడగకుండా పోయి రెండో కొస పట్టుకున్నాడు. ముసలాయన తలెత్తి చూసి, సుత్తి అందించాడు. ఇద్దరూ ఒక్క మాట లేకుండా ఒక వరస మొత్తం నిలబెట్టారు. గొర్రెలు లోపలికి వస్తుంటే ఒకటి ముందరి కాలు కుంటుతోంది. తిమ్మయ్య దాని వెనక కాలు పట్టి లాగి, పిర్రల మీద కూర్చోబెట్టి, గిట్ట వేలితో నొక్కి చూశాడు. ముసలాయన జేబులోంచి చాకు తీసి ఇచ్చాడు. గిట్టలో పెరిగిన పెచ్చు చెక్కి, కుళ్ళిన చోటు గీకి శుభ్రం చేసి వదిలాడు. ముసలాయన వంగి ఆ గిట్ట చూసి తల ఊపాడు. నాలుగు దినాల సభల్లో ఎవరు ఎంత మెచ్చుకున్నా తిమ్మయ్యకు ఇంత సంతోషం కలగలేదు.

బైరప్ప మట్టి పిడికెడు తీసి నలిపి వాసన చూస్తున్నాడు.

ముసలాయన టీచరును ఏదో అడిగాడు. “నువ్వు మంద కట్టేది ఈయన చేలోనా అని అడుగుతా ఉండాడు తిమ్మయ్యా” అంది ఆరోగ్యమ్మ.

తిమ్మయ్య గొర్రెల వైపు చూశాడు. బైరప్ప చేతిలో మట్టి దులుపుకుంటూ, “ఒకప్పుడు” అన్నాడు.

ఏమైంది అని అడిగాడు ముసలాయన.

“ఆయప్పనే అడగమను.”

తిమ్మయ్య నోటికి ఆరేళ్ళ అలవాటు. “తోడేలు వచ్చిందమ్మా. తడికె మూల తోసేసింది. గొర్లు బెదిరి పక్క చేలో పడినాయి.”

టీచరు చెప్పింది. ముసలాయన చాలా శ్రద్ధగా విన్నాడు. సాటి పనివాడి కష్టం కదా. ఎన్ని చచ్చిపోయాయి అని అడిగాడు.

“ఏదీ చావలేదు.”

ఎన్నిటికి కాట్లు పడ్డాయి?

“పడలేదు.”

గొర్రెలు ఎటు పరుగెత్తాయి, చెల్లాచెదురు అయ్యాయా?

నూట ఇరవై గొర్రెలూ ఒక్కచోట నిమ్మళంగా మేస్తూ ఉండటం తిమ్మయ్య కళ్ళకు కనిపించింది. తోడేలును చూసి బెదిరిన మంద ఆగి మేత మేస్తుందా? ఆరేళ్ళుగా పోలీసులు, ప్లీడర్లు, పెద్దమనుషులు ఎవరూ అడగని ప్రశ్నలవి. మంద కాచినవాడు తప్ప ఇంకొకడు అడగలేడు. ముసలాయన తన చాకు తిరిగి తీసుకొని, మడిచి జేబులో పెట్టుకొని, ఒక్క చూపు చూసి, మూల తడికె దగ్గరికి పోయి తాడు లాగి చూసుకున్నాడు. ఆయన తన పని తాను చేసుకున్నాడు, అంతే. తిమ్మయ్యకు మాత్రం ముఖం కందిపోయింది.

మరుసటి దినం ఊరి హాలులో వీళ్ళ సభ. రెండు గట్ల నుంచీ వందమంది దాకా వచ్చారు. సామి ఇద్దరికీ చెరో కాగితం రాసిపెట్టాడు. బైరప్ప లేచి, ఎర్రటి కళ్ళజోడు పెట్టుకొని, తన కాగితం గడగడా చదివేశాడు. మేము ఇప్పుడు అన్నదమ్ముల్లా ఉన్నాము అని ఉంది అందులో. జనం చప్పట్లు కొట్టారు. తిమ్మయ్య లేచి తన కాగితాన్ని మడిచి సామికి తిరిగి ఇచ్చాడు.

“నాకు సదవను రాదు గదా సామీ. నోటితో చెప్తాను.”

చేతిలో కదురు లేదు. రెండు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“మేము రాజీ కాలేదు” అన్నాడు. “కాగితం మీద వేలు పెట్టినాము. అంతే. ఆయప్ప నా మందను పిలవలేదు. పిలవకపోవడం న్యాయమే. తోడేలు రాలేదు. మూల తడికె నేను కట్టలేదు. తాడు తెగింటే రాయి పెట్టి పండుకున్నాను. అబద్ధం చెప్పినాను. ఆ అబద్ధానికి ఆయప్ప వామి కాలింది, మా వాళ్ళ తలలు పగిలినాయి.”

ఆరోగ్యమ్మ ఆగిపోయింది. “ఇదంతా చెప్పమంటావా తిమ్మయ్యా?”

“చెప్పమ్మా. నేను చెప్పింది ఆయప్పకు. వాళ్ళకు నువ్వు చెప్పు.”

ఆమె చెప్పింది. అంతలో బైరప్ప లేచాడు.

“మూడు దినాలు!” అని అరిచాడు. “మూడు దినాలు గుట్టంతా ఎతికినాను రా, దాని అడుగుజాడ కోసం! నేనే తప్పుగా అనుకున్నానేమో, ఊరికే కొట్టినానేమో అని! ఒక్క గోటి గీత కనపడలేదు. ఎవడికి చెప్పినా నమ్మలేదు. నా పెండ్లామే నమ్మలేదు!”

టీచరు దాన్ని కూడా జర్మన్‌లో చెప్పింది. పెండ్లామే నమ్మలేదన్న దగ్గర వెనక వరసలో ఎవరో ఆడామె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు హాలంతా పాకింది. సామి తల పట్టుకొని కూర్చున్నాడు. బైరప్ప నవ్వలేదు. కుర్చీల మధ్య నుంచి నడిచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తిమ్మయ్య ఎప్పటిలాగే రెండు ముద్దలు చేసి బల్ల మీద పెట్టాడు. బైరప్ప వచ్చి కూర్చొని, రొట్టె పక్కకు జరిపి, ముద్ద తిన్నాడు.

“గెలికేది కూడా సరిగ్గా రాదు నీకు. ఉండలు కట్టింది” అన్నాడు. కానీ పూర్తిగా తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో విమానం దిగబోయేటప్పుడు బైరప్ప ఒకే ఒక్క మాట చెప్పాడు. “దొరల ముందర చెప్పినావు. వాళ్ళు నీకేమవుతారు? వేప్పనపల్లి సంతలో చెప్పు.”

అది అన్నింటికంటే కష్టమైన పని అని ఇద్దరికీ తెలుసు. బైరప్పకు చెప్పడం వేరు. తన కోసం తల పగలగొట్టుకున్న సొంతవాళ్ళకు చెప్పడం వేరు. తిమ్మయ్య మూడు సంతలు దాటవేశాడు. మొదటి వారం ఒంట్లో బాగాలేదన్నాడు. రెండో వారం గొర్రె ఈనిందన్నాడు. మూడో వారం ఏమీ చెప్పకుండానే ఇంట్లో కూర్చున్నాడు.

నాలుగో సంతకు పోయాడు. కంబళ్ళు అమ్మే వరస చివర టీ అంగడి ముందు తన పల్లెవాళ్ళు పదిమంది ఉన్నారు. ముత్తప్ప గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాడు, కనుబొమ్మ మీది మచ్చ ఎండకు మెరుస్తూ. తిమ్మయ్య నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు.

“ముత్తప్పా, నీ తలకు తగిలిన దెబ్బ నా వల్ల” అన్నాడు. తర్వాత అంతా చెప్పాడు. గట్టిగా చెప్పాడు. అవతల ఉల్లిగడ్డలు కొనుక్కుంటున్న పెద్దూరివాళ్ళు కూడా తిరిగి చూశారు.

ముత్తప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. “దానికా? ఒక తాడుకా?” అన్నాడు. “తొమ్మిది కుట్లు వేయించుకొని, నా బావది న్యాయమని ఆరేండ్లు మీసం తిప్పినానే!” పక్కకు ఉమ్మి వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే లేచారు. కృష్ణప్ప మాత్రం మిగిలాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. “జైల్లో నాకు నిద్ర పట్టేది చిన్నాయనా. తప్పు మనది కాదు గదా అని” అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు తిమ్మయ్య జన్మలో వినలేదు.

ఇంటికి వచ్చేసరికి కెంపమ్మకు మాట చేరిపోయింది.

“నాకన్నా చెప్పకూడదా?” అంది. “ఆరేండ్లు తోడేలు తోడేలని పిలకాయల్ను పొద్దుగూకితే గడప దాటనీయలేదు నేను. దొడ్డికి పోవాలన్నా దివిటీ పట్టుకొని వెంట పోయినాను.”

“చెప్పాల్సింది” అన్నాడు తిమ్మయ్య.

“చెప్పాల్సిందంట!” ఆమె తిడుతూనే అన్నం వడ్డించింది.

ముత్తప్ప మూడు నెలలు గడప తొక్కలేదు. పెళ్ళికి పిలిచినవాళ్ళు తిమ్మయ్యను పక్క వరసలో కూర్చోబెట్టారు. పెద్దూరి నుంచి కూడా ఏ కబురూ లేదు. రాగి కోతలు అయిపోయాయి. చేలు ఖాళీ అయ్యాయి. తిమ్మయ్య మళ్ళీ సామల్పట్టికి పోదామని తడికెలు మూట కడుతున్న పొద్దున బైరప్ప గుట్ట దాటి వచ్చాడు. చేతిలో తమలపాకులు లేవు, మర్యాద మాటలు లేవు. దొడ్లోకి తొంగి చూసి గొర్రెలను లెక్కపెట్టాడు.

“ఇదేనా నీ మంద? ఇది చేలో పండుకుంటే చేనుకు తెలస్తుందా?”

“ఇంతే మిగిలినాయన్నా.”

“మా నాయన కాలంలో మీ నాయన నూటయాబై తెచ్చేటోడు. నలభై గొర్లకు నీకు మూడు పూటలా సంగటి పెట్టాల్నా?”

“రెండు పూటలు చాలు. మూడో పూట నేను గెలుక్కుంటాను.”

“నువ్వు గెలికింది నువ్వే తిను.” బైరప్ప గొంతుక్కూర్చొని ఒక గొర్రె వీపు మీద ఉన్ని వేళ్ళతో విడదీసి చూశాడు. “చాలవు. దిగువ చేను మొత్తానికీ ఎరువు పడాలంటే ఇంకొక అరవై కావాల. మీవాళ్ళల్లో ఎవరిదన్నా మంద కలుపుకో.”

“నాతో కలిసేదానికి ఎవరు వస్తారన్నా ఇప్పుడు?”

“ఆ నిప్పు పెట్టినోడు యాడ? వాడి మంద ఎంత?”

తిమ్మయ్య తల ఎత్తాడు. “కృష్ణప్పదా? యాభై దాకా ఉండాయి.”

“వాణ్ణి పిలువు. వాడు రాకుంటే నువ్వూ రావొద్దు.” లేచి దుమ్ము దులుపుకున్నాడు. “వామి కాల్చిన చోటు పక్కనే పండుకోవాల వాడు. పొద్దున లేస్తూనే నా మొహం చూడాల. అదే వానికి శిక్ష.”

కృష్ణప్ప ఒక దినం ఆలోచించి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. తడికెలు కట్టే పని తనది, చిన్నాయన చేయి పెట్టకూడదు. తిమ్మయ్య అది కూడా ఒప్పుకున్నాడు. యాభై మూడేళ్ళ వయసులో అన్న కొడుకు తాళ్ళు బిగిస్తుంటే పక్కన నిలబడి చూడటం నేర్చుకున్నాడు. అది నేర్చుకోవడానికి చాలా దినాలే పట్టింది. వాళ్ళ మందలు దిగువ చేలో ఉన్న ఇరవై దినాల్లో ఒక మధ్యాహ్నం ముత్తప్ప కూడా ఆ దారిన పోతూ, పని ఏమీ లేకపోయినా, గట్టు మీద కూర్చొని బీడీ తాగి వెళ్ళాడు. మాట్లాడలేదు. మరుసటి దినం వచ్చి మాట్లాడాడు. మాట్లాడినదంతా తిట్లే అయినా తిమ్మయ్యకు కడుపు నిండింది.

ఎనభై అయిదు చివర జర్మనీ నుంచి ఇన్నాసప్ప సామికి జాబు వచ్చింది. ఆ ఇద్దరు మిత్రుల రాజీ ఏమైంది, దాని నుంచి మేము ఏం నేర్చుకోవచ్చు అని అడిగారు. సామి కాగితాలు తీసుకొని పల్లెకు వచ్చాడు. తిమ్మయ్య, బైరప్ప ఇద్దరూ దిగువ చేలో రాగి కుప్పల దగ్గర ఉన్నారు.

“ఏమని రాయమంటావు తిమ్మయ్యా?” అన్నాడు సామి, కలం తెరిచి.

తిమ్మయ్య కదురు తిప్పుతూ ఆలోచించాడు. “రాగి బాగా పండిందని రాయండి సామీ.”

“అంతేనా?”

“అంతే.”

బైరప్ప ఒక వెన్ను తుంచి అరచేతిలో నలుపుతూ అడ్డం వచ్చాడు. “బాగా పండిందని రాయొద్దు సామీ. మళ్ళీ అబద్ధమవుతుంది. ఆ తూర్పు గట్టెంబడి ఇంకా కోయనిది చూడు, మోకాలెత్తు కూడా లేయలేదు. మంద ఆడికి జరగనే లేదు. చిన్నాయనా కొడుకూ ఇద్దరూ సోమరిపోతులు.”

“ఆడ రాళ్ళు కదన్నా, తడికె నిలవదు” అన్నాడు తిమ్మయ్య.

“రాళ్ళుంటే ఏరాల.”

“నీ చేలో రాళ్ళు నేనేరాల్నా?”

సామి కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళ వాదన అయ్యేటట్టు లేదు.